కిటికీ దగ్గర పది నిమిషాలు

జనవరి 9, గురువారం

27 ప్లేట్లు. కందిపప్పు సూపు, అన్నం, ఆపిల్ ముక్కలు. మంచు పడింది కాబట్టి ఎక్కువమంది వచ్చారు.

కొత్త పిల్ల ఒకతి వచ్చింది. తల కుడివైపు గొరిగించుకుంది, మిగిలిన జుట్టుకి నీలం రంగు. ఇక్కడ అంతా చూసుకునే బిర్గిట్, కొత్తవాళ్ళందరికీ జర్మన్‌లో చెప్పే నాలుగు ముక్కలే ఈ పిల్లకీ చెప్పింది. "ఇక్కడ తిండి ఉంది, షవర్ ఉంది, వాషింగ్ మెషిన్ ఉంది, తాళం వేసుకునే అర ఉంది. నాలుగింటికి మూసేస్తాం. ఇంటి నుంచి ఎందుకు వచ్చావని ఎవరూ అడగరు. పిలవడానికి ఏదో ఒక పేరు చెప్పు, వయసు మాత్రం చెప్పాలి."

పేరు నోవా అంది. వయసు పద్దెనిమిది అంది.

బిర్గిట్ నా వైపు చూసింది. పద్దెనిమిది లోపయితే పిల్లల సంక్షేమ ఆఫీసుకి చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా వీధి పిల్లల మధ్య పని చేస్తున్న మనిషి, ఎవరికెన్నేళ్ళో చూడగానే చెప్పగలదు. నేను గరిటె వైపు చూశాను.

సూపు కాలిందేమో, "అబ్బా" అంది ఆ పిల్ల.

ఇండియా పిల్ల కావచ్చు, లంక పిల్ల కావచ్చు. నాకెందుకు. నేను వంటవాణ్ణి.

జనవరి 10, శుక్రవారం

24 ప్లేట్లు. బిర్గిట్ కాగితం మీద 22 గీతలున్నాయి. మా ఇద్దరి లెక్కా ఎప్పుడూ కలవదు. రెండుసార్లు తిన్నవాణ్ణి ఆమె ఒక మనిషిగా వేస్తుంది, నేను రెండు ప్లేట్లుగా వేస్తాను.

నిన్న రాసింది సరిగా లేదు. "అబ్బా" అన్న తర్వాత ఇంక కావచ్చు ఏమిటి. తెలుగు పిల్లే. ఈ రోజు చెంచా పక్కన పెట్టి అన్నం చేత్తో కలిపింది. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసి మళ్ళీ చెంచా తీసుకుంది.

జనవరి 13, సోమవారం

31 ప్లేట్లు.

ఇక్కడి యూనివర్సిటీలో చదివే మన పిల్లల వాట్సాప్ గ్రూపులో నేనూ ఉన్నాను. అందరూ కలిసి బియ్యం బస్తాలు తెప్పించుకుంటారు, నన్ను అందుకే చేర్చుకున్నారు. ఎవరో ఫొటో పెట్టారు. స్నిగ్ధ, పదహారేళ్ళు, ఎస్సెన్ నుంచి డిసెంబరు ఇరవైన వెళ్ళిపోయింది, ఆచూకీ తెలిసినవారు తల్లి రుచితకు ఫోన్ చేయగలరు. కింద నంబరు.

ఫొటోలో లంగా ఓణీ, నడుం దాకా జడ, పువ్వులు. ముక్కు పక్కన పుట్టుమచ్చ.

ఫొటో కింద దండాలు పెట్టే చేతులు ముప్ఫై దాకా పెట్టారు. వాటి మధ్యలో ఎవడో బస్తా వచ్చిందా అని అడిగాడు. వచ్చింది, జీరా ప్యాకెట్లు రాలేదు అని ఇంకొకడు.

నంబరు సేవ్ చేసుకున్నాను. ఎందుకో తెలియదు.

ఇక్కడికి వచ్చే పిల్లల గురించి బయటివాళ్ళకి ఏమీ చెప్పనని ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం పెట్టాను. కానీ బిర్గిట్ బయటి మనిషి కాదు. రేపు చెబుతాను.

జనవరి 14, మంగళవారం

22. చెప్పలేదు. బిర్గిట్‌కి రోజంతా మీటింగులు.

జనవరి 18, శనివారం

29 ప్లేట్లు. బంగాళాదుంపల వేపుడు.

వరండాలో అద్దాల పెట్టెలో పాత పుస్తకం ఉంది. ఈ ఇల్లు 1884లో మొదలైంది. ఇనుప కార్ఖానాల దగ్గర తిరిగే దిక్కులేని పిల్లల కోసం ఒక పాదిరీ భార్య, భర్త పోయాక, పెట్టిందట. వచ్చిన ప్రతి పిల్లవాణ్ణీ ఆమె ఆ పుస్తకంలో రాసింది. అప్పటి చేతిరాత ఇప్పటి జర్మన్లకే రాదు. లైబ్రరీలో అక్షరాల పట్టిక తీసుకుని పోయినేడాది నేర్చుకున్నాను. నేను నేర్చుకున్న అక్షరాలన్నీ ఇలాగే. తెలుగు సినిమా పోస్టర్ల మీద, ఇంగ్లీషు బిస్కెట్ పొట్లాల మీద, జర్మన్ పిండి సంచుల మీద. శనివారం పని అయ్యాక బిర్గిట్ పెట్టె తాళం ఇస్తుంది. ఒకటి రెండు పేజీలు చదువుతాను.

ఈ రోజు చదివింది: "1889 జనవరి 9. అబ్బాయి. పేరు హైన్‌రిష్ అంటాడు. సుమారు తొమ్మిదేళ్ళు. కాళ్ళకు గోనెపట్టా. పేలు. తండ్రి తాగుబోతు, తల్లి లేదు. సూపు, రొట్టె, చెక్క బూట్లు ఇచ్చాము. ప్రార్థన నేర్పాము." దాని కిందే మూడు వారాల తర్వాత, "పారిపోయాడు. చెక్క బూట్లతో సహా."

బిర్గిట్‌కి చదివి వినిపించాను. "తెలివైనవాడు. నేనైనా బూట్లు వదలను" అంది.

ఆ రోజుల్లో అన్నీ అడిగేవాళ్ళు. పేరు, ఊరు, తండ్రి, తల్లి, చేసిన పాపం. అడిగినా పారిపోయేవాళ్ళు. పెద్దయినవాళ్ళని రైతుల దగ్గర పనికి పెడితే అక్కణ్ణుంచి కూడా పారిపోయేవాళ్ళు. ఇప్పుడు ఏమీ అడగం.

జనవరి 22, బుధవారం

26.

వంటింట్లో సుమంత్‌తో ఫోన్లో మాట్లాడుతున్నాను. బియ్యం తెప్పించే కుర్రాడు. ఈసారి బస్తాలో పురుగు ఉందని గట్టిగా అంటుంటే వడ్డించే కిటికీ అవతల నుంచి వినిపించింది.

"షిట్. మీరు తెలుగా?"

"అవునమ్మా."

"మరి ఇన్ని రోజులు చెప్పలేదేంది?"

"నువ్వు అడగలేదు."

"ఇక్కడ ఎవ్వర్నీ ఏం అడగొద్దు కదా. రూల్." నవ్వింది. నవ్వితే ఫొటోలో పిల్లే. తర్వాత నవ్వు ఆపేసింది. "మా మమ్మీవాళ్ళు తెలుసా మీకు?"

"తెలియదు."

"ఎవ్వరికీ చెప్పకండి అంకుల్. ప్లీజ్."

"చెప్పను."

"ఒట్టు?"

"ఒట్టు."

"మీ సాంబారుని వీళ్ళంతా లిన్‌జెన్‌సుప్పె అనుకుంట, వాళ్ళ పప్పు సూప్ అనుకుంట తింటున్నరు. కోపం రాదా మీకు?"

"తింటే చాలు."

"నాకైతే వస్తది. ఉప్పు తక్కువైంది, చెప్తున్న."

తెలియదన్నాను. అది అబద్ధం కాదు. ఫొటో చూసినంత మాత్రాన మనుషులు తెలిసినట్టు కాదు.

జనవరి 23, గురువారం

25. ఉప్పు పెంచాను.

ఫిబ్రవరి 3, సోమవారం

30 ప్లేట్లు. టమాటా అన్నం.

మూడు గంటలకి పిల్లలు పల్చబడ్డాక ఆ పిల్ల కిటికీ అరుగు మీద మోచేతులు ఆనించి కూచుంది. నేనేమీ అడగలేదు. తనే చెప్పింది.

తొమ్మిదో ఏట హైదరాబాదు నుంచి వచ్చిందట. తండ్రి భార్గవ్ సాఫ్ట్‌వేరు. ఇక్కడి బడిలో మార్కులు తగ్గాయని, స్నేహాలు బాగాలేవని, ఇంటరు హైదరాబాదులో హాస్టల్లో ఉంచి చదివించాలని నిర్ణయించారు. ఒక్కవైపు టికెట్ తీశారు, జనవరి రెండుకి.

"అక్కడ మా కజిన్ ఉంటడు. పొద్దున్నే అయిదుకి లేపుతరంట. ఫోన్ ఉండదు. సండే ఒక్కరోజు ఇంటికి మాట్లాడనిస్తరు. వాడు ఆ పది నిమిషాలు ఏడుస్తనే ఉంటడు. పెద్దమ్మ ఏమో చదువుతున్నవారా అని అడుగుతనే ఉంటది."

"నువ్వు వద్దని చెప్పలేదా?"

"జర్మన్ల చెప్పిన. డాడీ ఏమో తెలుగుల చెప్పు అన్నడు. తెలుగుల అంత కోపం నాకు రాదంకుల్."

ఎక్కడ పడుకుంటున్నావు అని నోటిదాకా వచ్చింది. తనే చెప్పింది. స్టేషన్ దగ్గర ఒకడి సోఫా మీదట. "వాని కుక్కకు నేనంటే ఇష్టం. వానికి కాదు."

ఇది అడిగి తెలుసుకున్నది కాదు. విన్నాను, అంతే.

ఫిబ్రవరి 8, శనివారం

28.

గ్రూపులో ఆ తల్లి గొంతు పెట్టారు. నలభై సెకన్లు. ఇంటికెళ్ళే బస్సులో విన్నాను.

"స్నిగ్ధా, బిడ్డా, టికెట్ క్యాన్సిల్ చేసినం. డాడీ ఏమనడు. నేను చెప్తున్న కదా, ఏమనడు. ఇంటికి రాబుద్ధి కాకుంటే రాకు. ఒక్క ఫోన్ చెయ్యి. తిన్నవా లేదా చెప్పి పెట్టేయ్."

మూడుసార్లు విన్నాను. దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఈ మాట ఆ పిల్లకి చెప్పాలంటే గ్రూపు సంగతి చెప్పాలి. గ్రూపు సంగతి చెబితే, ఎప్పటి నుంచి తెలుసు అంటుంది. నేను ఫోన్ చేసి చెప్పేశాననుకుంటుంది. ఆ క్షణమే వెళ్ళిపోతుంది, ఇక ఇక్కడికి రాదు. వస్తున్నంత కాలం కనీసం ఒక పూట తింటుంది. అదీ కాక తల్లిదండ్రులు ఇలాంటప్పుడు ఏమైనా చెబుతారు. పిల్ల దొరికాక మళ్ళీ టికెట్ తీయరని ఏమిటి.

మాట ఇచ్చాను. మాట మీద ఉంటాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

23.

నాకు పదకొండేళ్ళప్పుడు ఇంట్లోంచి వచ్చేశాను. బెజవాడ స్టేషన్లో ఏడు నెలలున్నాను, ఆరో నంబరు ప్లాట్‌ఫారం మీద. రైళ్ళలో కప్పులు ఏరి కడిగేవాణ్ణి. ఒక టీకొట్టాయన నమ్మకంగా ఉండేవాడు, రోజూ బన్ను ఇచ్చేవాడు. మా ఊరు అద్దంకి మనిషి ఒకడు కనబడితే ఆయన నా సంగతి చెప్పేశాడు. నాన్న వచ్చి పట్టుకుపోయి చితకబాదాడు.

పిల్లలు నమ్మి చెప్పుకున్నది ఇంకొకరికి చెప్పకూడదని నాకు అప్పుడే తెలిసింది. అందుకే చెప్పడం లేదు. వేరే కారణం ఏమీ లేదు.

ఫిబ్రవరి 20, గురువారం

27. కూరగాయల సూపు.

ఆ పిల్లకి దగ్గు. బిర్గిట్ పక్కన కూచోబెట్టుకుని మాట్లాడింది. పడుకోవడానికి మంచం చూపిస్తానంది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంది. "దానికి నీ అసలు వయసు కావాలి నోవా. నిజం చెబితే నిన్ను ఉన్నపళంగా ఇంటికి పంపించరు. ముందు నీ మాట వింటారు."

"పద్దెనిమిది."

"సరే. పద్దెనిమిది."

తర్వాత బిర్గిట్ వంటింట్లోకి వచ్చి తలుపు మూసింది. "నీతో మాట్లాడుతుంది కదా కోటా. నీకేమైనా తెలుసా?"

"ఉప్పు తక్కువైందంటుంది."

నవ్వింది. అలసిపోయి ఉంది. నవ్వి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 27, గురువారం

25. రోడ్డు అవతల బూడిద రంగు వ్యాను ఒకటి ఆగి ఉంటోంది, ఇవాళ మూడో రోజు. అందులో ముప్ఫై ఏళ్ళవాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పని ఇప్పిస్తానన్నాడట. ఆ పిల్లే చెప్పింది. ఏం పని అని బిర్గిట్ అడిగింది. క్లీనింగ్ అట. బిర్గిట్ రోడ్డు దాటి వెళ్ళేసరికి వ్యాను కదిలిపోయింది. నంబరు రాసుకుంది.

మార్చి 3, సోమవారం

20. రాలేదు.

మార్చి 4, మంగళవారం

24. రాలేదు.

మార్చి 6, గురువారం

29. వచ్చింది. రెండు ప్లేట్లు తింది. దగ్గు తగ్గలేదు. మాట్లాడలేదు.

మార్చి 14, శుక్రవారం

19 ప్లేట్లు. వాన. మూడున్నరకి వచ్చింది, టీ తాగి వెళ్ళింది.

మార్చి 15, శనివారం

26. రాలేదు.

మార్చి 17, సోమవారం

22. రాలేదు. వ్యాను కూడా లేదు.

మార్చి 18, మంగళవారం

24.

శుక్రవారం సంగతి సరిగా రాయలేదు. బిర్గిట్ మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళింది, లోపల నేనొక్కణ్ణే ఉన్నాను. అడుగంటిన గిన్నె గీకుతున్నాను. ఆ పిల్ల భుజానికి బ్యాగు తగిలించుకుని వచ్చింది. పాలు పోసిన టీ అడిగింది. ఇచ్చాను. కిటికీ దగ్గర నిలబడి తాగింది. పది నిమిషాలు ఉండొచ్చు. తర్వాత వెళ్ళింది. అంతే.

మార్చి 21, శుక్రవారం

25.

వారం రోజులు మనిషి రాకపోతే అర తెరిచి చూడాలని నిబంధన. బిర్గిట్ తెరిచింది. పళ్ళ బ్రష్షు, ఒక సాక్సు, ఇన్స్యూరెన్స్ కార్డు ఉన్నాయి. కార్డు మీద ఫొటో, పేరు, పుట్టిన తేదీ.

"పదహారు" అంది బిర్గిట్. గోడకి ఆనుకుంది. "నాకు తెలుసు. తెలిసి కూడా పద్దెనిమిది అని రాసుకున్నాను." తర్వాత నన్ను అడిగింది, "మీ భాష పిల్లేనా?"

"అనుకున్నాను."

"ఎప్పుడు అనుకున్నావు?"

చెప్పలేదు. పోలీసులకి ఫోన్ చేసే హడావుడిలో మళ్ళీ అడగలేదు.

మార్చి 26, బుధవారం

21.

తల్లి వచ్చింది. రుచిత. నలభై దాటి ఉండవు. చలికోటు గుండీలు ఒకదానికొకటి తప్పు పెట్టుకుంది. భర్త ఫ్రాంక్‌ఫర్ట్ పోలీసుల దగ్గరికి వెళ్ళాడట. బిర్గిట్ జర్మన్‌లో అంతా చెప్పింది. ఆమె వింటూ వంటింటి వైపు చూసింది. తాలింపు వాసన.

"మీరు తెలుగోళ్ళా?" అంది.

"అవునమ్మా. కోటయ్య. ఇక్కడ వంట చేస్తాను."

"మా పాప ఇక్కడ తిన్నదా అన్నా?"

"తిన్నదమ్మా. రెండు నెలలు."

"ఏం తిన్నది?"

చెప్పాను. నా దగ్గర అంతా రాసి ఉంది. ఏ రోజు ఏ వంటో వరసగా చెబుతుంటే ఆమె ఒక్కొక్కదానికీ తల ఊపింది. టమాటా అన్నం అన్నప్పుడు మాత్రం కళ్ళు మూసుకుంది.

"చివర్ల మీరే చూసిన్రంట."

"అవును. టీ తాగి వెళ్ళింది."

"ఏమన్నా అన్నదా?"

"ఏమీ అనలేదమ్మా."

"బ్యాగేసుకొని పోతుంటే ఎక్కడికని అడగలేదా అన్నా?"

"బయలుదేరిన పిల్లని ఎక్కడికని ఎలా అడుగుతానమ్మా."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "అవునన్నా. మా ఇంట్ల కూడా ఎదురు అడగం. ఆ రోజు పొద్దుగాల నా ముంగటనే షూస్ వేసుకున్నది. అంత పెద్ద బ్యాగేంది అనుకున్న. జాగ్రత్త అన్న గని, ఎక్కడికని నేను కూడా అడగలే."

ఏం మాట్లాడుకున్నామని బిర్గిట్ అడిగింది. జర్మన్‌లో చెప్పాను. "బయలుదేరేవాళ్ళని ఎక్కడికని అడిగితే కీడా?" అంది. "మరి మీ దేశంలో రైల్వే కౌంటర్లో ఎలా టికెట్ ఇస్తారు?" అని, వెంటనే క్షమించమంది.

అడగకూడదన్న మాట నిజమే. మా ఇంట్లో అలాగే పెంచారు. గడప దాటేవాళ్ళని ఎక్కడికి అంటే అమ్మ నోటి మీద కొట్టేది.

మార్చి 29, శనివారం

32.

రుచిత ఎస్సెన్ నుంచి పొద్దున రైల్లో వచ్చింది. ఊరికే కూచోలేనంది, కత్తి ఇమ్మంది. అయిదు కిలోల ఉల్లిపాయలు కోసింది. వచ్చిన ప్రతి పిల్లకీ, పిల్లవాడికీ ఫోన్లో ఫొటో చూపించింది. లంగా ఓణీ ఫొటో కాదు. జుట్టు నీలంగా మార్చి చేసిన ఫొటో, ఆమే కూచుని చేసుకుందట. వాళ్ళు చూసి తల అడ్డంగా ఊపారు. ఒకడు మాత్రం, "నోవా. నా సిగరెట్ బాకీ ఉంది" అన్నాడు. ఆమె వాడికి ప్యాకెట్ కొనిచ్చింది. బిర్గిట్ చూసీ చూడనట్టు ఊరుకుంది. ఇక్కడ అది కూడదు.

ఏప్రిల్ 5, శనివారం

35. మళ్ళీ వచ్చింది. పిల్లలు అలవాటుపడ్డారు, ఆమెని "మమ్మా" అంటున్నారు. పులిహోర చేసింది. నా వంట కంటే బాగుంది. ఒక్క ప్లేటు కూడా మిగల్లేదు.

సాయంత్రం వెళ్తూ, "మీరు ఉన్నరు కాబట్టి నాకు కొంచెం ధైర్యమన్నా. రెండు నెలలు మన మనిషి చేతి అన్నం తిన్నది" అంది.

ఈ రోజు కూడా ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది.

ఏప్రిల్ 12, శనివారం

30.

ఆమె వస్తూనే చెప్పింది. పోలీసులకి ఫోన్ దొరికింది, పిల్ల కాదు. ఈ ఊళ్ళోనే పాత ఫోన్లు కొనే షాపులో మార్చి పదిన అమ్మేసిందట. ఆ వ్యాను నంబరు దొంగ నంబరట.

"అంటే పదో తారీఖు సంది దాని దగ్గర ఫోన్ లేదన్నా." ఉల్లిపాయ పొట్టు తీస్తూ అంది. "నా నంబర్ దానికి నోటికి రాదు. దాని నంబర్ నాకూ రాదు. అంతా ఫోన్లనే ఉంటది కదా. చేద్దామనుకున్నా ఎట్ల చేస్తది? ఎవర్నన్నా అడిగితే బాగుండు. ఫొటో అంతట పెట్టినం, నంబర్ అంతట ఉన్నది. ఎవరో ఒకరు ఇచ్చేటోళ్ళు."

నేను నీళ్ళ కుళాయి తిప్పాను, పెద్దగా.

ఏప్రిల్ 13, ఆదివారం

సెలవు. ప్లేట్లు లేవు.

మార్చి 14, శుక్రవారం. మళ్ళీ రాస్తున్నాను.

మూడున్నర. వాన. నేనొక్కణ్ణే. ఆ పిల్ల బ్యాగుతో వచ్చి పాలు పోసిన టీ అడిగింది. ఇచ్చాను. రెండు చేతులతో గ్లాసు పట్టుకుంది. కాసేపు తాగలేదు.

"అంకుల్" అంది. "మా మమ్మీ నా ఫొటో ఎక్కడో అక్కడ పెట్టే ఉంటది కదా. తెలుగు గ్రూపులల్ల."

నేను గిన్నె గీకుతున్నాను.

"దాని కింద నంబర్ ఉంటది. మీరు చూసిన్రా? మీ దగ్గర ఉందా మా మమ్మీ నంబర్?"

ఫోను నా ఏప్రన్ జేబులో ఉంది. జనవరి 13 నుంచి ఆ నంబరు అందులో ఉంది.

"నా దగ్గర ఎందుకుంటుందమ్మా" అన్నాను.

ఇలాగే అన్నాను. అక్షరం తేడా లేదు.

"ఓకే" అంది. టీ తాగింది. ఇంకా నిలబడింది. నేను ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. ఎత్తితే చూసేస్తుందనిపించింది. గ్లాసు అరుగు మీద పెట్టి, "ఓకే. చ్యూస్" అని జర్మన్‌లో వీడ్కోలు చెప్పింది. తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

రోడ్డు అవతల వ్యాను ఉందో లేదో చూడలేదు.

నంబరు ఉందని చెబితే, ఎప్పటి నుంచి ఉందంటుంది. రెండు నెలలుగా ఉందని ఎలా చెప్పను? తల్లి గొంతు విన్నానని, టికెట్ రద్దు చేశారని ఫిబ్రవరిలోనే తెలుసని ఎలా చెప్పను? రేపు శనివారం కదా, వస్తుంది, సుమంత్ ఎవరినో అడిగి సంపాదించాడని చెప్పి ఇద్దామనుకున్నాను. కాగితం మీద నంబరు రాసి కూడా పెట్టాను. శనివారం 26 ప్లేట్లు.

ఒట్టు కాదు. సంతకం కాదు. గడప దాటేవాళ్ళని అడగకూడదనీ కాదు. ఆ పిల్ల తల్లి కావాలనే అడిగింది.

ఇంకొకటి. మా నాన్న నన్ను కొట్టలేదు. ఆరో నంబరు ప్లాట్‌ఫారం మీద నా కాళ్ళు చూసి కూలబడి ఏడ్చాడు. కాళ్ళు పుండ్లు పట్టి ఉన్నాయి. ఆ టీకొట్టాయన చెప్పకపోతే ఆ వానాకాలం నేను దాటేవాణ్ణి కాదు. కొట్టాడని నలభై ఏళ్ళుగా అందరికీ చెబుతున్నాను. ఎందుకు మొదలుపెట్టానో గుర్తు లేదు.

ఏప్రిల్ 15, మంగళవారం

24. బిర్గిట్‌కి ముందు చెప్పాలా, రుచితకా? ఫోన్ చేసి చెప్పొచ్చు, నంబరు ఉంది కదా. ఉంది.

ఏప్రిల్ 17, గురువారం

28.

ఏప్రిల్ 19, శనివారం

22. రేపు ఈస్టర్. పిల్లలకి రంగు వేసిన గుడ్లు.

రుచిత వచ్చింది. ఆమె ఉల్లిపాయలు కోస్తుంటే బియ్యం కడుగుతూ చెప్పాను. తిరిగి చూడకుండా చెప్పాను. మొదటి నుంచి కాదు, మార్చిలో ఆ శుక్రవారం నుంచి మొదలుపెట్టి వెనక్కి వెళ్ళాను. నంబరు అడిగిందని, లేదన్నానని. జనవరి నుంచి ఉందని. గొంతు విన్నానని. కత్తి చప్పుడు ఆగలేదు. తెలుగు నా నోట్లో ఇంత మొరటుగా ఎప్పుడూ లేదు.

అంతా అయ్యాక నీళ్ళు వంచి ఆమె వైపు తిరిగాను.

"ఎన్ని గంటలకు?" అంది.

"మూడున్నర, మూడు నలభై."

"శుక్రవారం."

"శుక్రవారం."

"వర్క్ ఫ్రమ్ హోమ్ నాకు శుక్రవారం" అంది. "ఇంట్లనే ఉన్న. ఫోన్ టేబుల్ మీద పెట్టుకొని కూచున్న. చార్జింగ్ వైర్ తీయకుండనే పెట్టుకునేదాన్ని, ఆఫ్ అయితదేమోనని."

నన్ను ఏమీ అనలేదు. అంటుందని నిలబడ్డాను. మిగిలిన ఉల్లిపాయలు రెండో మూడో ఉన్నాయి, అవి కూడా కోసింది. ముక్కలన్నీ గిన్నెలోకి తోసింది. కత్తి కడిగింది, తుడిచింది. ఏప్రన్ విప్పి నాలుగు మడతలు పెట్టింది. పిల్లలు "మమ్మా, గుడ్డు" అని పిలుస్తుంటే ఒకటి తీసుకుని కోటు జేబులో వేసుకుంది.

వెళ్ళింది.

ఏప్రిల్ 22, మంగళవారం

26. ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేయలేదు.

ఏప్రిల్ 26, శనివారం

33 ప్లేట్లు. బిర్గిట్ గీతలు 33. మొదటిసారి కలిశాయి.

రుచిత రాలేదు. పిల్లలు మమ్మా ఏది అని అడిగారు. పదకొండు గంటల రైలు కూడా వచ్చి పోయాక బిర్గిట్ వంటింట్లోకి వచ్చింది.

"ఎందుకు రాలేదో నీకేమైనా చెప్పిందా కోటా?"

"తెలియదు" అన్నాను.